గింజల డబ్బా

ఫిబ్రవరి 18

చిన్నమ్మాయీ,

ముందు శుభవార్త, తర్వాత నా గోడు. మన ఆడగుర్రం బూడిద ఈనింది. మగపిల్ల. ఒళ్ళంతా తడిసిన బెల్లం రంగు, నుదుటి మీద తెల్లటి మచ్చ. నేను చుక్క అని పిలిచేశాను. మీ అన్నయ్య ఇంకేదో గంభీరమైన పేరు ఆలోచిస్తున్నాడు. ఆలోచించుకోనీ పాపం, పిల్లగాడు అప్పుడే చుక్క అంటే తల తిప్పుతున్నాడు.

ఇక నా గోడు. పొదుగు కొసన మైనంలా కట్టింది, ఇవాళో రేపో అని మీ అన్నయ్య రోజూ పశువులశాలలోనే పక్క వేసుకుని పడుకున్నాడు. ఆ మహాతల్లి ఈనితే ఒట్టు! తీరా ఆయన ఇవాళ మధ్యాహ్నం స్నానానికి వెళ్ళాడో లేదో, నేను నీళ్ళ బకెట్టు పెట్టడానికి వెళ్ళానో లేదో, ధబ్బున పడుకుంది. నువ్వంటే గుర్రాల మధ్యే పుట్టి పెరిగావు. నేను గుమాస్తా కూతుర్ని. పెళ్ళికి ముందు గుర్రాన్ని క్యాలెండర్లో తప్ప ఎరగను. ముందుకాళ్ళు రెండూ కనిపించాయి, ఒకటి కాస్త ముందు, ఒకటి కాస్త వెనక, వాటి మీద ముక్కు. సరిగ్గానే వస్తోందని తెలుస్తోంది, అయినా బకెట్టు అక్కడే పడేశాను. మీ అన్నయ్యని కేకేస్తే తలంతా సబ్బు నురగతో తలుపు దగ్గరికి వచ్చి, కళ్ళు మండి మళ్ళీ లోపలికి పరిగెత్తాడు.

ఇంకేం చెయ్యను? దాన్ని తిట్టడం మొదలుపెట్టాను. "ఓసి మహాతల్లీ, ఇన్నాళ్ళు కాపలా కాస్తే కదల్లేదు, ఇప్పుడు నా ఒక్కదాని ప్రాణం తియ్యడానికా ఈ ముహూర్తం!" అని. నేను తిడుతూనే ఉన్నాను, అది ఈనుతూనే ఉంది. పిల్ల గడ్డిలోకి జారి పడ్డాక గానీ నేను నోరు మూయలేదు. మావి మొత్తం పడిందో లేదో పరిచి చూశాం, ముక్క కూడా లోపల మిగల్లేదు. వాడు లేవడానికి ఎన్ని పల్టీలు కొట్టాడనుకున్నావు! లేచాక ముర్రుపాల కోసం తల్లి మెడ కింద వెతికాడు, గోడ నాకాడు, నా మోచెయ్యి చప్పరించాడు. అన్నీ అయ్యాక అసలు చోటు దొరికింది. ఆ చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

అంతా చేసి నాకు దక్కిందేమిటి? సాయంత్రం మీ అన్నయ్య అడుగు చప్పుడుకి బూడిద చెవులు నిక్కబొడుచుకుంది. నేను దాణా పట్టుకెళ్తే వెనక్కి తిరిగి పిర్ర చూపించింది. ఇన్నేళ్ళయింది, ఈ ఇంట్లో మనుషులకి నేను కోడల్నయ్యాను గానీ గుర్రాలకి మాత్రం ఇంకా కూలిదాన్నే. నవ్వకు, నాకు నిజంగానే బాధగా ఉంది.

నీ వదిన

మార్చి 2

వదినా,

బాలింతకీ, పిల్లకీ, మంత్రసానికీ నా అభినందనలు. మంత్రసాని తిట్లు పడి పుట్టాడు కాబట్టి చుక్క ఇక దేనికీ బెదరడు.

ఇక్కడ నాకూ ఒక గుర్రం పుట్టింది. మా కుట్టుషాపుకి నాటకాల వాళ్ళు వచ్చి కొత్త ఆటకి గుర్రం కావాలన్నారు. లోపల ఇద్దరు మనుషులు దూరతారు, పైన తొడుగు మేం కుట్టాలి. మా మాస్టారు గుర్రం వెనక కాలు మనిషి మోకాలిలా ముందుకి వంగేలా కత్తిరించాడు. "అది వెనక్కి వంగాలండీ" అన్నాను. "నువ్వు గుర్రాలు చూశావా?" అన్నాడు. నేను పుట్టింది వాటి మధ్యే అంటే షాపంతా నవ్వారు. చివరికి నేను బల్ల కింద నాలుగు కాళ్ళ మీద నడిచి చూపించాల్సి వచ్చింది. తొడుగు మళ్ళీ కత్తిరించాడు, కానీ వెనకవైపు దూరే అతను మాత్రం నా మీద కోపంగా ఉన్నాడు.

నా గది బాగానే ఉంది. కింద రొట్టెల దుకాణం కాబట్టి చలికాలంలో నేల వెచ్చగా ఉంటుంది. కిటికీ గట్టు మీద నువ్విచ్చిన డబ్బా. ఆ సొట్ట వైపు గోడకి పెట్టాను. అందులో బొత్తాలు పోసుకున్నాను. బెంగగా ఉన్న రోజు ఊరికే ఒకసారి గలగలలాడిస్తాను, ప్రాణం లేచి వస్తుంది. వదినా, నేనెప్పుడూ నీకు ఈ మాట సరిగ్గా చెప్పలేదు. నేను అడక్కుండానే, నా మనసులో ఏముందో కనిపెట్టి అది నా చేతిలో పెట్టావు. మా అమ్మ బతికి ఉన్నా అంత ఆలోచించేది కాదేమో. షాపులో ఎవరు వదినల గురించి గొణిగినా, "మా వదిన అలా కాదు" అని ఈ కథే చెబుతాను.

బూడిద సంగతి వదిలెయ్. అది మా నాన్నని తప్ప ఎవర్నీ లెక్కచెయ్యలేదు. అన్నయ్యని చూసి చెవులు నిక్కబొడుస్తుందంటే ఆయన నడక నాన్న నడకలా ఉంటుంది కాబట్టి.

నీ ఆడపడుచు

మే 11

చిన్నమ్మాయీ,

జవాబు ఆలస్యమైంది. కారణం చుక్క. దడి సందులోంచి దూరి కూరమడి మొత్తం తొక్కాడు, ఆరేసిన దుప్పటి నోట కరుచుకుని మైదానం చుట్టూ పరిగెత్తాడు. వాడి వెనక నేను, నా వెనక బూడిద. నేను వాణ్ణేదో చేసేస్తానని దాని అనుమానం. "నీ కొడుకుని నువ్వు సరిగ్గా పెంచితే నాకీ ఖర్మ ఎందుకే!" అన్నాను. చెవులు వెనక్కి పెట్టింది.

గడ్డి కోత బాగా సాగింది. అటక నిండా ఎండుగడ్డి, ఇల్లంతా వాసన. మీ అన్నయ్య ఆ వాసన పీలుస్తూ పెద్ద జమీందారులా తిరుగుతున్నాడు. నాకూ సంతోషంగానే ఉంది, ఎందుకు అబద్ధమాడాలి.

ఏదో పాత డబ్బాకి అంత పొగడ్త ఎందుకో నాకర్థం కాలేదు. అయినా ఆడపడుచు పొగుడుతుంటే వద్దనే వదిన ఎక్కడైనా ఉంటుందా? కానియ్.

నీ వదిన

ఆగస్టు 23

వదినా,

మీ వైపు ఏరు కట్ట తెగిందని పేపర్లో వేశారు. రైళ్ళు లేవంటున్నారు, ఫోన్ మోగడం లేదు. ఒక్క ముక్క రాయి, కార్డు మీదైనా సరే. గుర్రాలు ఎలా ఉన్నాయి? మీరెలా ఉన్నారు? ముందు మీరు. గాభరాలో తిరగేసి రాశాను.

నీ ఆడపడుచు

ఆగస్టు 28

చిన్నమ్మాయీ,

అందరం క్షేమం. ఇల్లు నిలబడింది. కాలు విరిగింది, కట్టు కట్టారు, అయినా తిండి మాత్రం శుభ్రంగా తింటున్నాడు, తోక తొక్కిన పాములా అందరి మీదా లేస్తున్నాడు. పోస్టుమ్యాన్ పడవలో వచ్చి తొందరపెడుతున్నాడు. మిగతాది తర్వాత.

నీ వదిన

సెప్టెంబర్ 4

వదినా,

నీ కార్డు చదివి షాపులో అందరి ముందూ ఏడ్చేశాను. చుక్క! అంత చిన్నవాడికి కాలు విరగడమా! గుర్రానికి కాలు విరిగితే ఏమవుతుందో నాకు తెలియదా? కట్టు కట్టారని నన్ను ఓదార్చడానికి రాశావు కదూ? నిజం చెప్పు, వాడు ఉన్నాడా? డాక్టర్ని ఇంకొకర్ని పిలవండి. వాణ్ణి పడుకోనివ్వకండి, పట్టీలతో దూలానికి వేలాడదీయమనండి. అన్నయ్య ఎలాగూ మెత్తటి మనిషి, తట్టుకోలేడు. నువ్వే గట్టిగా నిలబడాలి.

నీ ఆడపడుచు

సెప్టెంబర్ 12

ఓసి పిచ్చిదానా,

విరిగింది మీ అన్నయ్య కాలు! దూలానికి వేలాడదీయమన్నావని ఆయనకి చదివి వినిపించాను. నవ్వి నవ్వి కట్టు కదిలి, నొప్పితో మళ్ళీ నన్నే తిట్టాడు.

ఇప్పుడు మొదట్నుంచీ చెబుతాను, విను. ఆ రోజు తెల్లారేసరికి నీళ్ళు మెట్టు దాకా వచ్చాయి. మీ నాన్నగారు పెట్టిన పద్ధతి ప్రకారం అన్ని గుర్రాల తలతాళ్ళు విప్పి, గేట్లు తెరిచి, కొండ వైపు తోలేశాం. తాడుంటే కొమ్మకి చిక్కుకుంటాయి, లేకపోతే వాటి దారి అవే వెతుక్కుంటాయి అనేవారట కదా. అదే నిజమైంది. కింది గేటు తెరుస్తూ మీ అన్నయ్య జారి పడ్డాడు. అదే సమయంలో చుక్కని వరద కొంతదూరం లాక్కుపోయింది. బూడిద అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఏ పొద కాళ్ళకి అందిందో గానీ వాడు బయటపడ్డాడు. తల్లీ పిల్లా ఒక్క పరుగున కొండెక్కేశారు.

నీళ్ళు తీశాక చూడాలి మన పశువులశాల! గాడి దాకా బురద. పారలతో ఎత్తీ ఎత్తీ నా చేతులు నావి కావు. కిందున్న గడ్డంతా కుళ్ళిపోయింది, అటక మీదిది మిగిలింది. బావి తోడించాం, గోడలకి సున్నం కొట్టించాం. జీన్లు కడిగి దండేల మీద ఆరేశాం. నీ పాత ఉత్తరాలు పెట్టిన సొరుగు కూడా నానిపోయింది, సిరా అంతా ఏరులో కలిసింది. దడి తీగల్లో ఎవరిదో కుర్చీ, ఎవరిదో చెప్పు. మిగతా గుర్రాలు వాటంతటవే దిగొచ్చాయి. గిట్టలు నాని మెత్తబడ్డాయి, నాడాలు కొట్టే ఆయన రోజూ వచ్చి చూస్తున్నాడు.

రానివి రెండే. బూడిద, చుక్క.

అది కిందికి దిగనంటోంది. ఈ నేల మీదే కదా కొడుకుని నీళ్ళు లాక్కుపోయాయి. మనుషులు కనిపిస్తే చాలు, వాణ్ణి ముందు పెట్టుకుని రాళ్ళ మీదికి పోతోంది. పైన గడ్డి అయిపోవచ్చింది, చుక్క పక్కటెముకలు ఇక్కడికి కనిపిస్తున్నాయి. చలి మొదలైతే వాడు తట్టుకోలేడు. మీ అన్నయ్య కిటికీ దగ్గర మంచం వేయించుకుని రోజంతా కొండకేసి చూస్తూ కూర్చుంటాడు. ఆయన వెళ్తే వస్తుందేమో, కానీ ఆయన ఇప్పట్లో మెట్లు కూడా దిగలేడు.

మీ నాన్నగారి దగ్గర పనిచేసిన పెద్ద కాపరి చెప్పాడు, "గట్టిగా మాట్లాడకమ్మా, బెదిరి ఉంది, మెత్తగా పిలువు" అని. సరే అని నేను రోజూ ఎక్కుతున్నాను. "తల్లీ, బంగారూ, రావే నా చిట్టీ" అంటూ నా జన్మలో ఎవరితోనూ మాట్లాడనంత తియ్యగా పిలుస్తున్నాను. మీ అన్నయ్య వింటే అసూయ పడతాడు. అది మాత్రం ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూసి వెళ్ళిపోతోంది.

చివరికి కాపరి ఇంకో మాట చెప్పాడు. మీ నాన్నగారు గింజలు వేసి ఆడించే రేకు డబ్బా ఉండేదట. ఒక పక్క సొట్ట. ఆ చప్పుడు వింటే గుర్రాలు ఎంత దూరంలో ఉన్నా వచ్చేవట. ఇల్లంతా వెతికాం, లేదు. అది ఎవరు పట్టుకుపోయారో! దాని విలువ తెలియని దద్దమ్మ ఎవరో గానీ దొరికితే నాలుగు దులిపేస్తాను. నువ్వు వెళ్ళేటప్పటికి ఇంట్లో ఉందా? నీకేమైనా తెలిస్తే వెంటనే రాయి.

నీ వదిన

సెప్టెంబర్ 19

వదినగారికి,

పట్టుకుపోయింది నేనే అని మీకు తెలిసే అడుగుతున్నారా? అయితే సూటిగా అడగొచ్చుగా, ఈ డొంకతిరుగుడు ఎందుకు? ఆడపడుచు అర్ధమొగుడు అంటారు, నేను అర్ధదొంగనయ్యాను కాబోలు.

ఆ డబ్బా నేను ఎత్తుకురాలేదు. నేను బండెక్కుతుంటే మీరే పరిగెత్తుకొచ్చి నా ఒళ్ళో పెట్టారు. అందులో దారిలో తినడానికి మిఠాయి పెట్టారు. మూత తీసేదాకా కూడా ఆగలేదు, ఆ సొట్ట చూడగానే నాన్న డబ్బా అని గుర్తుపట్టాను. ఆ సొట్ట నేను పెట్టిందే, చిన్నప్పుడు దాని మీద నిలబడి బూడిద వీపు ఎక్కబోయి. పరాయి ఇంటి నుంచి వచ్చిన మనిషికి నా మనసు ఇంత తెలిసిందా అని దారంతా ఏడ్చాను. మీరు మర్చిపోయారా? లేక ఇచ్చినప్పుడే తెలియదా?

తెలియదు, కదూ. ఇప్పుడు నాకర్థమైంది. మీకు ఏదో ఒక డబ్బా కావాలి, అది చేతికి తగిలింది, అంతే. పాత డబ్బాకి ఇంత పొగడ్త ఎందుకని మేలో రాస్తే, ఎంత గొప్ప మనసో అనుకుని మురిసిపోయాను. నేనొక వెర్రిబాగుల్దాన్ని.

సరే, ఇదంతా తర్వాత. చుక్క ముఖ్యం. బొత్తాలు తీసి గ్లాసులో పోశాను, డబ్బా ఇవాళే పార్సిల్ చేస్తున్నాను. సగానికి గింజలు పొయ్యండి. నిండా పోస్తే మోగదు. కొండ కింద నిలబడి కొంచెంసేపు ఆడించి ఆపాలి, వింటుందో లేదో చూసి మళ్ళీ ఆడించాలి. నాన్న అలాగే చేసేవాడు.

వాణ్ణి దించాక ఒక్క ముక్క రాయండి. డబ్బా అక్కడే ఉంచుకోండి. ఉండాల్సింది అక్కడే.

మీ ఆడపడుచు

అక్టోబర్ 1

చిన్నమ్మాయీ,

ముందు ఆ "మీరు" తీసెయ్. చదువుతుంటే చెంప మీద కొట్టినట్టుంది.

చుక్క పశువులశాలలో ఉన్నాడు. ఇదిగో, నేను రాస్తుంటే గాడిలో దాణా నమిలే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. బూడిద కూడా ఉంది. ఇక ఊపిరి పీల్చుకుని మిగతాది చదువు.

డబ్బా విలువ తెలియని దద్దమ్మ దొరికింది. అద్దంలో ఉంది. నువ్వు రాసింది అక్షరాలా నిజం. నీ బండి కదులుతోంది, మిఠాయి కాగితంలో జావగారిపోతోంది, మూత ఉన్నదేదైనా చాలనుకున్నాను. గడప పక్కన ఏదో పాత రేకు డబ్బా, గింజలు విదిలించి అందులో కుక్కాను. దానికో కథ ఉందని నాకు తెలియదు. నువ్వు నన్ను అంత గొప్పదాన్ని చేసి అందరికీ చెప్పుకుంటున్నావనీ తెలియదు. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపిస్తూ మధ్యలో ఆపేసి ఆయన చేతికిచ్చేశాను. మిగతాది ఆయనే చదువుకున్నాడు.

పార్సిల్ రాగానే సగానికి గింజలు పోసుకుని కొండ కిందికి వెళ్ళాను. ఆడించాను, ఆపాను. పైన బూడిద తలెత్తింది. మళ్ళీ ఆడించాను. చిన్నమ్మాయీ, అది వచ్చింది! రాళ్ళు దిగి, చుక్కని వెంటేసుకుని, సగం దాకా వచ్చింది. అక్కడ ఆగి నన్ను చూడలేదు. నా వెనక చూసింది. ఎవరో రావాలన్నట్టు చాలాసేపు నా వెనక దారినే చూసింది. ఎవరూ లేరు. అప్పుడు నెమ్మదిగా వెనక్కి తిరిగింది. పాపం, డబ్బా చప్పుడు మర్చిపోలేదు, మీ నాన్నగారినీ మర్చిపోలేదు.

నాకు ఎక్కడలేని దుఃఖం వచ్చింది. రాయి మీద కూలబడ్డాను. చుక్క వెనక్కి నడుస్తుంటే కాళ్ళు తడబడుతున్నాయి. ఆ దుఃఖం ఎప్పుడు కోపమైందో నాకే తెలియదు, లేచి నిలబడి అరిచాను. "ఓసి మహాతల్లీ! నీ పొగరు మండ! ఆయన లేరే, రారే! ఉన్నదాన్ని నేనే! నీ పేడ ఎత్తింది నేను, నీ పురుడు పోసింది నేను, నీ కొడుకు నా కూరమడి తొక్కితే ఊరుకుంది నేను! దిగుతావా, నన్నే పైకి రమ్మంటావా?"

బూడిద టక్కున ఆగింది. చెవులు రెండూ నా వైపు తిరిగాయి. ఒట్టేసి చెబుతున్నాను, నిక్కబొడుచుకున్నాయి! ఇన్నాళ్ళూ తియ్యగా పిలిచి నేనే దానికి కొత్తదాన్నయ్యాను. దానికి తెలిసిన నా గొంతు ఇదే కదా. రోజూ పొద్దున్న దాణా బకెట్టుకి ముందు వచ్చేది ఈ తిట్లే.

అది నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. నేను తిడుతూ కిందికి నడిచాను, అది నా వెనక, దాని వెనక చుక్క. ఊపిరి కోసం నోరు మూస్తే అదీ ఆగిపోతుంది! ఇంకేం చెయ్యను? దాన్ని తిట్టడం అయిపోయింది, చుక్కని తిట్టాను. వాడి తిట్లు అయిపోయాయి, బూడిద ఈనిన రోజు స్నానానికి వెళ్ళిన మీ అన్నయ్యని తిట్టాను. తర్వాత తియ్యగా పిలవమన్న కాపరిని, ఏటిని, గుర్రం కాలు తప్పుగా కత్తిరించిన మీ మాస్టారుని. నిన్ను కూడా తిట్టాను, ఆ "వదినగారికి" అన్నందుకు. అదే అన్నిటికన్నా ఎక్కువసేపు వచ్చింది. పశువులశాల చేరేసరికి మన వంశంలో నా నోట పడని వాళ్ళు లేరు. కిటికీ దగ్గర మీ అన్నయ్య ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నేను లోపలికి రాగానే, "ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళకి నీ నోటికి న్యాయం జరిగిందే" అన్నాడు.

ఇప్పుడు నా గొంతు పూర్తిగా పోయింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. ఇంట్లో అందరూ సుఖంగా ఉన్నారు. ఇవాళ పొద్దున్న తిట్టలేక ఊరికే బకెట్టు పట్టుకుని వెళ్ళాను. బూడిద తిరిగి చూసింది, ఏమీ అనవేం అన్నట్టు నా భుజాన్ని ముక్కుతో నెట్టింది. అక్కడే దాని మెడ పట్టుకుని కాసేపు నిలబడిపోయాను.

అందుకని డబ్బా నీకు పంపుతున్నాను. ఇక్కడ ఉంచుకోమన్నావు గానీ ఇక్కడ నా నోరుంది, చాలు. వట్టి డబ్బా పంపకూడదు కాబట్టి గుప్పెడు గింజలు వేశాను, మన చేలోవే, వరద తర్వాత మిగిలినవి. బొత్తాలు వాటి మీదే పోసుకో. సొట్ట వైపు గోడకి పెట్టకు, నీకు కనిపించేలా పెట్టు.

షాపులో ఆ కథ చెప్పడం మానకు. మొదటిసారి తెలియక ఇచ్చాను. ఈసారి తెలిసే ఇస్తున్నాను.

నీ వదిన